దండెం మీద అర్జెంటీనా జెండా

2022 డిసెంబరు 18 రాత్రి తిరుపతి కొర్లగుంటలో మా అమ్మవాళ్ళ వీధి నిద్రపోలేదు. ఖతార్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్, మన టైము ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. నాలుగిళ్ళ అవతల మిద్దె మీద తెల్లదుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ముప్పై మంది దాకా పిల్లలు చేరారు. సగం మంది ఒంటి మీద మెస్సీ చొక్కా. పిట్టగోడ పొడుగునా లేతనీలం, తెలుపు చారల జెండాలు. 3-3 అయ్యి, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచేసరికి పదకొండు దాటింది. దీపావళికి మిగిలిన టపాకాయలన్నీ ఆ రాత్రి పేలిపోయాయి.

మేము అంతకు ముందురోజే ఇంగ్లండ్ నుంచి దిగాం. మావాడికి అప్పుడు పన్నెండేళ్ళు. వాడి ఒంటి మీద ఇంగ్లండ్ చొక్కా, వీపున ఇంగ్లండ్ ఆటగాడు సాకా పేరు, 17 నంబరు. ఇంగ్లండ్ అప్పటికే ఇంటిదారి పట్టింది. ఎనిమిది రోజుల ముందు ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడింది, రెండో పెనాల్టీని హ్యారీ కేన్ గోలు పైకి కొట్టేశాడు. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు. అయినా ఫైనల్ చూడటానికి అదే చొక్కా వేసుకుని మిద్దె ఎక్కాడు.

మా తమ్ముడు వాణ్ణి చూసి అందరి ముందూ అన్నాడు: "ఏం అల్లుడా, మనల్ని రెండొందల ఏండ్లు ఏలినోళ్ళ చొక్కా ఏసుకున్యావే! నువ్వు మనోడివా, వాళ్ళోడివా?"

అందరూ నవ్వారు. మా తమ్ముడి మనసులో చెడు ఏమీ లేదు, వాడికి మేనల్లుడంటే ప్రాణం. కానీ మావాడు నవ్వలేదు. చలి పెద్దగా లేకపోయినా స్వెటర్ జిప్పు గొంతు దాకా లాక్కుని, మ్యాచ్ అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ జిప్పు లాగిన చెయ్యి నాకు ఈ రోజుకీ కళ్ళముందే ఉంది.

ఆ మిద్దె మీద ముప్పై మంది పిల్లలున్నారు. వాళ్ళలో ఒక్కడూ అర్జెంటీనా గడ్డ తొక్కినవాడు కాదు. అయినా "ఆ జెండా నీకెందుకురా" అని వాళ్ళనెవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. 2022లోనే కేరళలో కోళికోడ్ దగ్గర పుల్లావూరులో ఏటి మధ్యలో మెస్సీ, నెయ్‌మార్, రొనాల్డోల కటౌట్లు నిలబెడితే ప్రపంచమంతా ముచ్చటగా చూసింది. అది ఆట మీది ప్రేమ అని అందరికీ తెలుసు. మరి మావాడి చొక్కా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడిగాం? కొర్లగుంట పిల్లలు ఎప్పటికీ అర్జెంటీనావాళ్ళు కారు, మావాడు మాత్రం నిజంగానే ఇంగ్లండ్‌వాడు అయిపోతాడేమో అన్న భయం వల్ల. ఆ భయం నాకూ ఉంది. వాడు తెలుగులో మొదలుపెట్టిన మాటను ఇంగ్లీషులో ముగించిన ప్రతిసారీ నా గుండె కలుక్కుమంటుంది. కానీ ఆ భయాన్ని తీసుకెళ్ళి వాడి చొక్కా మీద పెట్టడం తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ పరీక్ష మనకు కొత్తది కాదు. 1990లో నార్మన్ టెబిట్ అనే బ్రిటిష్ నాయకుడు, ఇక్కడికి వలస వచ్చిన ఆసియావాళ్ళు క్రికెట్‌లో ఏ జట్టుకు చప్పట్లు కొడతారో చూస్తే వాళ్ళ సంగతి తెలుస్తుందని అన్నాడు. మన ముందు తరంవాళ్ళు ఆ మాటకు ఎంత నొచ్చుకున్నారో ఈ పత్రిక చదివే పెద్దలకు బాగా తెలుసు. పన్నులు కడుతున్నాం, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్నాం, అయినా మా చప్పట్లు లెక్కపెడతారా అని మండిపడ్డారు. అదే పరీక్ష నా కొడుక్కి మా ఊళ్ళో, మా మిద్దె మీద, నా భాషలో ఎదురైంది. ఇంగ్లండ్‌లో "నువ్వు ఎక్కడివాడివి, అసలు ఎక్కడివాడివి" అని అడుగుతారు. తిరుపతిలో "మనోడివా, వాళ్ళోడివా" అంటారు. రెండుచోట్లా పన్నెండేళ్ళ పిల్లవాడే జవాబు చెప్పుకోవాలా?

ఇంగ్లండ్ జెండా గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. తెలుపు మీద ఎర్ర శిలువ, సెయింట్ జార్జ్ జెండా. 1966లో ఇంగ్లండ్ వరల్డ్ కప్ గెలిచినప్పుడు వెంబ్లీలో జనం ఊపింది ఎక్కువగా మొత్తం బ్రిటన్ జెండా అయిన యూనియన్ జాకే. 1996 యూరో టోర్నీ నాటికి ఎర్ర శిలువ ముందుకొచ్చింది. ఈ రెంటికీ మధ్య, డెబ్బైల్లో, ఎనభైల్లో, జాతి విద్వేషం నూరిపోసే గుంపులు ఈ జెండాలు పట్టుకుని వీధుల్లో తిరిగాయి. ఆ జెండా కనిపిస్తే అవతలి పేవ్‌మెంట్ మీదికి దాటేసేవాళ్ళమని మా ఆఫీసులో ఒక గుజరాతీ పెద్దాయన చెప్పేవారు. నేను కూడా వచ్చిన కొత్తలో కిటికీకి ఎర్ర శిలువ కట్టిన ఇంటి ముందు నడుస్తుంటే అడుగు వేగం పెంచేదాన్ని.

2021 జులై 11. యూరో ఫైనల్లో ఇటలీతో పెనాల్టీలు. రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా ముగ్గురూ తప్పారు, ముగ్గురూ నల్లజాతి పిల్లలు. సాకాకు అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆ రాత్రి ఫోన్లలో వాళ్ళ మీద కురిసిన తిట్లు ఇక్కడ రాయలేను. పదేళ్ళ మావాడు నన్ను అడిగాడు: "అమ్మా, నేను ఇంగ్లండ్‌కి ఆడి మిస్ చేస్తే నన్ను కూడా ఇండియాకి పొమ్మంటారా?" నా దగ్గర జవాబు లేదు. మాంచెస్టర్‌లో విథింగ్టన్ దగ్గర గోడ మీదున్న రాష్‌ఫోర్డ్ బొమ్మను ఎవరో పాడుచేశారు. ఒకటి రెండు రోజుల్లో ఊరి జనం ఆ గోడ నిండా ఉత్తరాలు, గుండె బొమ్మలు, జెండాలు అతికించారు. వాటిలో ఎర్ర శిలువ జెండాలూ ఉన్నాయి. మావాడు టీవీలో ఆ గోడ చూసి, తర్వాతి పుట్టినరోజుకు సాకా చొక్కా కావాలన్నాడు. మిద్దె మీద మా తమ్ముడు నవ్విన చొక్కా వెనక ఇంత కథ ఉంది. రెండొందల ఏళ్ళ ఏలుబడి మీద వాడికేమీ మోజు లేదు. ఒంటరివాణ్ణి చేసిన ఆటగాడి పక్కన నిలబడాలనుకున్నాడు, అంతే.

2025 వేసవిలో మళ్ళీ వీధి దీపాల స్తంభాలకు ఎర్ర శిలువలు వేలాడాయి, చిన్న చిన్న రౌండెబౌట్ల మీద ఎర్ర రంగు పూశారు. అవి ఏ మ్యాచ్ కోసమూ కట్టినవి కావు. శరణార్థులున్న హోటళ్ళ ముందు గొడవలు జరుగుతున్న రోజులవి. మా అత్తగారు సాయంత్రం వాకింగ్ మానేశారు. జెండా అదే, కట్టిన చేతులు వేరు. అందుకే నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది: ఆ జెండాను మన పిల్లలు వదిలేస్తే అది పూర్తిగా ఆ చేతుల్లోకే పోతుంది. సాకా జట్టు జెండా మన పిల్లల చేతుల్లోనూ ఉండాలి.

మరి మన మూడు రంగుల సంగతి? ఓవల్‌కో, ఎడ్జ్‌బాస్టన్‌కో క్రికెట్‌కు వెళ్ళినప్పుడు బుగ్గల మీద కూడా పూసుకుంటాం. మంచిదే. కానీ అదే జెండా కింద మన ఫుట్‌బాల్ జట్టు ఆడుతుంటే చూసేవాళ్ళం ఎంతమందిమి? 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. రాజకీయ తగాదా వల్ల అక్కడి జనం మన మీద కోపంతో ఊగిపోతున్నారు, మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. స్టేడియమంతా ఎదురు తిరిగి అరుస్తుంటే మన కుర్రాళ్ళు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు, పి.కె. బెనర్జీ ఇంకొకటి. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవాడు. క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును నడిపించి, మరుసటి ఏడాది కన్నుమూశాడు. మన తెలుగు సంఘాల వేదికల మీద ఆయన పేరు నేను ఒక్కసారీ వినలేదు. ఎంత అన్యాయం!

2018లో ముంబైలో మన జట్టు 5-0తో గెలిచిన రోజు స్టేడియంలో ఉన్నది రెండున్నర వేల మంది. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ వచ్చి చూడండని కెప్టెన్ సునీల్ ఛేత్రి వీడియోలో చేతులు జోడించి అడగాల్సి వచ్చింది. తర్వాతి మ్యాచ్‌కు టికెట్లు అయిపోయాయి. 2025లో మగవాళ్ళ జట్టు సింగపూర్ చేతిలో ఓడి ఫుట్‌బాల్ ఆసియా కప్‌కు దూరమైంది, తర్వాత బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడింది. అదే ఏడాది జులైలో మన ఆడపిల్లలు థాయ్‌లాండ్‌కు వెళ్ళి వాళ్ళ గడ్డ మీదే 2-1తో గెలిచి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్ తప్ప ఇంకో ముచ్చట లేదు. దేశం మీద ప్రేమ ఉందా అని మావాణ్ణి అడిగే ముందు ఈ లెక్క మనం చెప్పుకోవాలి.

మళ్ళీ తిరుపతికి వస్తాను. ఫైనల్ మర్నాడు తెల్లవారుజామున మా అమ్మ లేచింది. ధనుర్మాసం కదా, వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు వెయ్యాలి. చీకట్లో చీపురుకు ఏదో తగిలింది. రాత్రి ఎవరి చేతుల్లోంచో జారిన అర్జెంటీనా జెండా, టపాకాయల కాగితాల మధ్య మంచుకు తడిసి పడి ఉంది. ఒక మూల మీద బైకు చక్రం గుర్తు. అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి వీధి దీపం కింద పట్టుకుని చూసింది. ఆ జెండా మధ్యలో కిరణాలతో, కళ్ళూ ముక్కూ ఉన్న సూర్యుడుంటాడు.

"అయ్యో, సూర్యనారాయణుడే! ఎవురో తొక్కేసి పోయినారు" అంది.

ముగ్గు పక్కన పెట్టి ముందు ఆ జెండా ఉతికింది. సబ్బు రుద్ది, మట్టి పోయేదాకా జాడించి, మిద్దె మీద దండేనికి ఆరేసింది. మావాడు లేచి వచ్చి చూశాడు. "అవ్వా, అది మన టీమ్ కాదు, ఎందుకు ఉతికావు?" అని అడిగాడు. అమ్మ వాడి వైపు తిరక్కుండానే, "ఎవురిదో బిడ్డది నాయనా, వాడు దాన్ని ఆశగా కొనుక్కోనుంటాడు" అంది.

చిన్నప్పుడు మా బళ్ళో డ్రిల్లు మాస్టారు ఆగస్టు 15 సాయంత్రం మమ్మల్ని మళ్ళీ గ్రౌండుకు పిలిచేవారు. పొద్దున చాక్లెట్లు తిని మేం పారేసిన కాగితం జెండాలు ఏరించేవారు. పెద్ద జెండాను అరచేతుల మీద పట్టించి, కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనిపించేలా మడత పెట్టడం నేర్పేవారు. జెండా ఎగరేసేటప్పుడు ఊరంతా ఉంటుంది, దించేటప్పుడు ఎవరున్నారో చూడాలి అనేవారు. ఆ తెల్లవారి మా అమ్మను చూస్తే ఆయన గుర్తొచ్చారు.

ఆ మధ్యాహ్నం నేను మా తమ్ముడికి మదనపల్లె సంగతి గుర్తు చేశాను. 1919 ఫిబ్రవరిలో బీసెంట్ కాలేజీకి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. బాణీకి స్వరాలు కూర్చడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్ నుంచి వచ్చిన ఆవిడ. ఐర్లండ్ బిడ్డ మన గీతాన్ని తనదనుకుంది, మనం ఆవిణ్ణి మనమనిషి అనుకున్నాం. "నువ్వు ఎవరిదానివమ్మా అని ఆవిణ్ణి అడిగి ఉంటే ఎట్లా ఉండేదిరా?" అన్నాను. మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వెళ్ళి మావాడి భుజం మీద చెయ్యేసి, "అల్లుడా, ఆ కేన్ పెనాల్టీ ఎట్లా తన్న్యాడో చూపించు దా" అన్నాడు. ఇద్దరూ సాయంత్రం దాకా వీధిలో బంతి తన్నుతూనే ఉన్నారు.

ఇంగ్లండ్ అభిమానులకు ఒక అలవాటుంది. జెండా మీద శిలువ అడ్డగీతలో తమ ఊరి పేరు రాసుకుంటారు. మన జాతీయ జెండా మీద అక్షరం రాయకూడదు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. క్రికెట్‌కు వెళ్ళేటప్పుడు మూడు రంగుల మీద ఊరి పేరు, సంఘం పేరు రాసేవాళ్ళు దయచేసి మానండి. కానీ ఇంగ్లండ్‌వాళ్ళ దగ్గర అది ఆనవాయితీ. మావాడు తన జెండాను బ్యాగులో తెచ్చుకున్నాడు. అడ్డగీతలో ఎడమవైపు మేముండే రెడింగ్ పేరు అప్పటికే ఉంది. కుడివైపు ఖాళీ. అవ్వను పిలిచి, తిరుపతి ఎలా రాయాలో చూపించమన్నాడు. మా అమ్మ ముగ్గుపిండితో వాకిట్లో పెద్దగా రాసింది. వాడు పక్కనే కూర్చుని నాలుగైదుసార్లు దిద్దాడు. "రు" కొమ్ము తిప్పడం రాక మళ్ళీ మళ్ళీ చెరిపాడు. చివరికి నల్ల మార్కర్‌తో జెండా మీద రాశాడు. రెండో "తి" కొంచెం చిన్నదైంది, చోటు సరిపోలేదు.

2026 వరల్డ్ కప్ మొదలు జూన్ 11న, అమెరికా, కెనడా, మెక్సికోల్లో. జూన్ 17న ఇంగ్లండ్ తొలి మ్యాచ్ క్రొయేషియాతో, మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్న డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో. మన తెలుగు సంఘం ఆ రోజు హాలు తీసుకుని పెద్ద తెర మీద మ్యాచ్ వేయాలని కమిటీని అడుగుతున్నాను. పిల్లలు ఇష్టమైన జెండా తెచ్చుకోనివ్వండి, గుమ్మం దగ్గర ఎవరూ ఏ ప్రశ్నా వెయ్యొద్దు. మన ఆడపిల్లల జట్టు మ్యాచ్‌లు కూడా అదే హాల్లో, అదే తెర మీద వేద్దాం. మ్యాచ్ అయ్యాక జెండాలు ఏరే పని నేను, మావాడు చూసుకుంటాం.

ఆ అర్జెంటీనా జెండా కోసం ఎవరూ రాలేదు. అమ్మ వీధిలో రెండిళ్ళలో అడిగి చూసింది. ఇప్పుడది కొర్లగుంటలో బీరువా కింది అరలో, పట్టుచీరల పక్కన, సూర్యుడు పైకి కనిపించేలా మడిచి ఉంది.