కుగ్లర్ దొరసానికి ఇచ్చిన పతకం: బాబాయికీ సుధకీ వాదం

(గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పెట్టిన అమెరికన్ మిషన్ డాక్టర్ అన్నా సారా కుగ్లర్ మీద సుధ ఒక వ్యాసం రాసి బాబాయికి చూపించింది. ప్రజాసేవకి గాను బ్రిటిష్ ప్రభుత్వం ఆవిడకి 1905లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మళ్ళీ సత్కరించింది.)

బాబాయి: రాసింది బానే ఉంది గానీ అమ్మాయ్, మొదటి లైన్లోనే పతకం సంగతి ఎందుకు? మనల్ని ఏలినోడు ఇచ్చిన బిళ్ళ అది.

సుధ: 1915లో గాంధీగారికీ అదే బిళ్ళ ఇచ్చారు బాబాయ్.

బాబాయి: 1920లో ఆయన తిప్పి పంపేశాడుగా, అది చెప్పవేం? ఆ మరుసటేడు చీరాల జనం మునిసిపాలిటీ వద్దని ఊరొదిలి పాకలేసుకున్నారు, పెదనందిపాడు రైతులు పన్ను కట్టం పొమ్మన్నారు. ఇదంతా అప్పటి మన గుంటూరు జిల్లాలోనే. మరి దొరసాని తన పతకం తిప్పి పంపిందా?

సుధ: లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ ఆవిడ పతకం కోసం రాలేదు కదా. 1883లో వచ్చింది, అప్పటికి అసలు ఆ పతకమే లేదు, అది పెట్టింది 1900లో. ఇంకో సంగతి, ఆవిడ్ని పంపిన మిషన్ వాళ్ళకే వైద్యం మీద ఆసక్తి లేదు, ఆడవాళ్ళకి చదువు చెప్పమని పంపారు, డాక్టర్‌గా గుర్తించింది 1885లో. అయినా మొదటి ఏడాదే 185 మందిని ఇళ్ళకెళ్ళి చూసింది, 276 మంది ఆవిడ ఉండే చోటికే వచ్చారు. వాళ్ళెవరనుకున్నావ్, మగ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూస్తే పరువు పోతుందని లోపల గదిలోనే ఉంచేసిన ఆడవాళ్ళు, పరదా చాటునుండే ఘోషా వాళ్ళు, కాన్పు కష్టమై రెండ్రోజులుగా నొప్పులు పడుతున్నా గడప దాటనివ్వని వాళ్ళు. ఆ గడప దాటి లోపలికెళ్ళగలిగిన డాక్టరు కావాలి, అది ఆడమనిషే కావాలి, అప్పటికి మన ఊళ్ళో అట్లాంటి మనిషి ఇంకెవరున్నారు?

బాబాయి: మంత్రసానులు లేరా? ఊరూరా ఉన్నారు. మా నాయనమ్మ, వాళ్ళమ్మ అందరూ వాళ్ళ చేతుల్లోనే పుట్టారు. వాళ్ళకి ఏమీ తెలీదని పేరు పెట్టి పక్కకి నెట్టింది ఈ ఆసుపత్రి డాక్టర్లే.

సుధ: బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని ఏం చెయ్యగలదు బాబాయ్?

బాబాయి: కొందరికి తిప్పడం తెలుసు, నీకు తెలీదు.

సుధ: తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు, కాదనను. కానీ వాళ్ళని తక్కువ చేసింది డాక్టర్లే అంటావేంటి? పురుడు పోసినావిడని వాకిట్లోనే నిలబెట్టి చేటలో ఇన్ని బియ్యం పోసి పంపింది ఎవరు, మనవాళ్ళు కాదూ? కానుపు అవ్వగానే ఆవిడ ముట్టుకున్నవన్నీ మైల అని కడిగింది ఎవరు?

బాబాయి: సరే, ఆ గొడవ వదిలెయ్. అసలు సంగతికి రా. ఆ ఆసుపత్రిలో మందు కన్నా ముందు ప్రార్థన. నొప్పితో వచ్చిన మనిషి నాకొద్దు అనగలదా? దాన్ని సేవ అంటావా?

సుధ: ఆ మనిషి వద్దనగలిగేది కాదు, నిజమే. జబ్బుతో ఉన్నవాళ్ళకి అది వినిపించడం నాకూ నచ్చదు. అయితే ఏలూరు జమీందారు భార్యకి ఇక్కడే వైద్యం జరిగింది, ఆయన మతం మారలేదు, పైగా రోగుల బంధువులు ఉండటానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించాడు. ఆ ప్రార్థన విని కూడా తన మతంలోనే ఉండి ఆ డాక్టరు మీద అంత గౌరవం చూపించాడంటే ఆవిడ వైద్యం ఎట్లా ఉండుండాలి? నలభై ఏళ్ళు దాటి ఇక్కడే పనిచేసి 1930లో ఈ గుంటూర్లోనే పోయింది. ఆవిడ మతం కోసం వచ్చిందన్నది నిజం, కానీ వచ్చాక ఆడవాళ్ళకి ఆవిడ చేసిన పని అప్పటి మన పెద్దోళ్ళు ఎవరూ చెయ్యలేదన్నది కూడా నిజం, రెండోది రాయడానికి మొదటిది అడ్డం కాకూడదు.

బాబాయి: అయితే మొదటిది కూడా రాయి. ప్రార్థన సంగతి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

సుధ: రాస్తా. పతకం మొదటి లైన్లోంచి తీసేసి ఇళ్ళకెళ్ళి చూసిన ఆ 185 మంది సంగతితో మొదలుపెడతా.

బాబాయి: పతకం ఎక్కడ పెట్టినా పక్కనే గాంధీగారు వెనక్కి పంపింది కూడా ఉండాలి.

సుధ: ఉంటుంది బాబాయ్.