దేహానికి అడంగల్ ఎప్పుడు?

సెంటు భూమికి కూడా సర్వే నంబరు, హద్దులు, పట్టాదారు (సొంతదారు), అనుభవదారు (వాడుకునేవాడు) అన్నీ అడంగల్ లాంటి భూమి రికార్డుల్లో రాసిపెట్టుకున్న జిల్లా మనది. కర్నూలు కలెక్టరేట్ ముందు అర్జీతో నిలబడ్డ ఏ రైతునడిగినా, తన చేను ఈశాన్యం మూల రాయి ఎన్ని లింకులు జరిగిందో చెబుతాడు. ఎడమ భుజం ఎన్నాళ్లుగా నొప్పి అనడగండి. "ఏమోప్పా, మా ఇంట్లో ఆమెనడుగు" అంటాడు. ఆమె నడుం సంగతి ఎవరినడగాలో ఇంకా తేలలేదు.

ఈ లోపాన్ని సరిచేసే సర్వే ఒకటుంది: బాడీ మ్యాపింగ్. 2002లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెచ్‌ఐవీతో బతుకుతున్న స్త్రీలు, జేన్ సాలమన్ అనే కళాకారిణి తోడుగా నిలువెత్తు కాగితాల మీద తమ ఒళ్లు తామే గీసుకున్నారు.

మనకు సామగ్రికి కొదవలేదు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న ఖాకీ కాగితం మేలు. అది దొరక్కపోతే నాయకుడి పుట్టినరోజు ముగిసిన మర్నాడు ఫ్లెక్సీ తెచ్చి తిరగేయండి. ఆయన ముఖం కిందికి, మన వీపు దాని మీదికి వస్తాయి. ప్రోటోకాల్ ప్రకారం ఇది తప్పో కాదో ఆర్డీఓ గారే సెలవివ్వాలి. వాటర్ కలర్ మాత్రం ఫ్లెక్సీ మీద నిలవదు, తామరాకు మీద నీళ్లే. ఆక్రిలిక్ గానీ పర్మనెంట్ మార్కర్ గానీ వాడాలి.

కాగితం మీద నచ్చినట్టు పడుకోమ్మా, చుట్టూ గీత గీస్తాం అంటే మన ఆడవాళ్లు చీర చీలమండల దాకా లాక్కుని, కాళ్లు దగ్గరపెట్టి బిగదీసుకుంటారు. చుట్టూ గీస్తే మనిషి రాదు, మునక్కాయ వస్తుంది. చుడీదారైతే కాళ్లు రెండని తేలుతుంది. మార్కర్ నిట్టనిలువుగా పట్టాలి. మొన లోపలికి దూరితే మనిషి సన్నబడుతుంది, బయటికి జరిగితే ఊరుతుంది. సన్నబడ్డవాళ్లెవరూ రీసర్వే అడగరు. తలతో మొదలుపెట్టి చేతులు, కాళ్ల బయటివైపు గీయాలి. మోకాళ్ల పైన లోపలివైపు వదిలేస్తే, ఆమె లేచి తానే గీసుకుంటుంది. ప్రతిచోటా "ఇక్కడ గీయొచ్చా?" అనడగాలి. ఆ ప్రశ్న మొదటిసారి విన్నామె, ఇంకెవరినో అడుగుతున్నారనుకుని పక్కకు తిరుగుతుంది. గీత చెడేది సరిగ్గా అక్కడే.

తర్వాత కళ్లు మూసుకుని, కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఒక్కోచోట మనసు ఆపుకుంటూ 10 నిమిషాలు. ఆపైన గీత లోపల నొప్పికి ఒక రంగు, హాయికి ఒకటి వేయాలి. ఏమీ తెలియని చోటు ఖాళీగా వదలాలి. అసలు సమాచారం ఆ బీడులోనే ఉంటుంది. పంట నష్టం రాయించుకున్నట్టు తొందరపడి అంతా నింపేవాళ్లతోనే తంటా.

ఇక అనుభవదారు కాలమ్. ఏ భాగం మీద ఎవరి మాట చెల్లుతుందో పక్కనే రాయాలి. జుట్టు దగ్గర అత్తగారు, జాకెట్టు మెడ దగ్గర టైలరు, బరువు దగ్గర పెళ్లికొచ్చిన ప్రతివారూ. గర్భసంచి దగ్గరికొచ్చేసరికి కాగితం చాలదు. 1971 గర్భస్రావ చట్టం ప్రకారం 18 నిండి, మతి స్థిమితంగా ఉన్న స్త్రీకి డాక్టరు గర్భస్రావం చేయాలంటే, సమ్మతి ఆమెది ఒక్కటే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. ఆసుపత్రి కౌంటర్లో మాత్రం "మీ ఆయన్ని పిలువమ్మా" అనే మాట వినబడుతూనే ఉంటుంది. పట్టాదారు ఎదురుగా నిలబడ్డా అనుభవదారు రావాల్సిందే.

ఎవరి సంతకమూ అడక్కుండా సొంత ఒంటి మీద హక్కు చెలాయించినవాడు మన సీమలో లేకపోలేదు. లేపాక్షి గుడికి ఖజానా సొమ్ము వాడాడని రాజు కళ్లు తీయించబోతే, కోశాధికారి విరూపణ్ణ వాటిని తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. ఆ ఎర్ర మరకలు ఇవేనని ఇప్పటికీ చూపిస్తారు. ఆడవాళ్లకు ఇంత సులువైన దారి లేదు కనుక ఫ్లెక్సీయే గతి.

రంగు బాగా ఆరాక బొమ్మ బయటివైపుకి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే రంగు నలిగి పగులుతుంది. 3 అడుగుల చుట్ట బీరువాలో నిలువునా పడుతుంది. బీరువా ఆమె పుట్టింటివాళ్లు పెట్టిందే. తాళంచెవి అత్తగారి బొడ్లో ఉంది.