గన్ను గారూ, నిన్న మీరు దొరికిపోయారు

సర్వీస్ సెంటర్లో గాలి ఒత్తిడితో చక్రాల నట్లు బిగించే ఎయిర్ గన్ను గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా మీ లాంజ్ సోఫాలో కూర్చుని, మూడు కప్పుల చప్పటి కాఫీ తాగి, అద్దం అవతల మిమ్మల్ని కళ్లారా చూసిన కస్టమర్‌ని నేనే. జాబ్ కార్డు మీద "వీల్ నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి" అని అడ్వైజర్ చేత రాయించుకుని, కింద సంతకం కూడా పెట్టించుకున్నాను. "టెన్షన్ పెట్టుకోకండి సార్, నేను దగ్గరుండి చేయిస్తా" అన్నాడు. దగ్గరే ఉన్నాడు పాపం. మీరు ట్ర్ర్ర్ అంటుంటే పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచ్ గారేమో గోడకు వేలాడుతున్నారు, దండ ఒక్కటే తక్కువ.

మన పరిచయం పాతదే. పోయినేడు దసరాకి టైర్లు అటూ ఇటూ మార్చినప్పుడు మొదలైంది. ఆరు నెలలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత ఒకరోజు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద నుంచి ఆరాంఘర్ దగ్గర దిగుతూ బ్రేక్ మీద కాలు పెట్టానో లేదో, పెడల్ అరికాలి కింద టకటకా తన్నింది, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. బ్రేక్ వదిలితే ఏమీ లేదు.

మీవాళ్ల వైద్యం గురించి క్లుప్తంగా. ఒకాయన "ఏబీఎస్ సార్, అట్లనే కొడుతది" అన్నాడు. సిగ్నల్ దగ్గర నిమ్మళంగా ఆపుతుంటే ఏబీఎస్‌కి ఏం పని, చక్రం లాక్ అవబోతేనే కదా అది లేచేది? ఇంకొకాయన బ్యాలెన్సింగ్ చేయించాడు. బ్యాలెన్సింగ్ పోతే బ్రేక్ వేసినా వేయకపోయినా వణకాలి, ఆ మాట డబ్బు కట్టాక తట్టింది నాకు. చివరికి అందరూ కలిసి "బ్రేక్ డిస్క్ బెండ్ అయింది సార్" అని తీర్పు చెప్పారు. కొత్త డిస్కులు, వాటిని పట్టి ఆపే కొత్త ప్యాడ్లు, లేబరు, జీఎస్టీ. మరి ఆ కొత్త డిస్కుల మీద చక్రాలు బిగించింది ఎవరు? తమరే.

సరిగ్గా 6 వేల కిలోమీటర్లకి మళ్లీ అదే టకటక.

ఈసారి బాలానగర్‌లో ఒక చాచా దగ్గరికి పోయాను. ముందు ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడుపుతూ, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాడు. వణుకు లేదు, అంటే వెనక డ్రమ్ములు బాగానే ఉన్నట్టు. తర్వాత ముందు చక్రం విప్పి, డిస్కు కదలకుండా నట్లు మళ్లీ వేసి, డిస్కు ఎంత వంకరగా తిరుగుతోందో చూపే డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పాడు. ముల్లు ఊగింది. 0.11 మిల్లీమీటర్లు. 0.05 దాటకూడదట. డిస్కు లాగి చూస్తే వెనకాల అది కూర్చునే హబ్ మీద ఒకవైపు తుప్పు, మాడిన గిన్నె అడుగులా. వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో గీకి, డిస్కు అంచు మీద చెక్కిన కనీస మందం చూసుకుని, లేత్ మీద సన్నగా పట్టించి, నట్లు ఎదురెదురుగా, చేతి రెంచ్‌తో, నా బండి పుస్తకంలో ఉన్న 110 న్యూటన్ మీటర్లకి బిగించాడు. ముల్లు 0.03 దగ్గర ఆగింది. "డిస్క్ వంగలే సార్, కూసోబెట్టుడే వంకర" అన్నాడు.

అప్పుడర్థమైంది మీ ప్రతిభ. ఒక నట్టుకి ప్రాణం పోయేంత, పక్కదానికి మొక్కుబడిగా బిగించి, తుప్పు మీదే డిస్కుని కూర్చోబెట్టి పంపిస్తే ఆ రోజు ఎవరి కాలికీ తెలియదు. వంకరగా తిరిగే డిస్కు, బ్రేక్ వేయకపోయినా ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. అక్కడ వెంట్రుకలో నాలుగో వంతు అరిగినా చాలు, మందం మారినప్పుడల్లా ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిస్టన్ వెనక్కీ ముందుకీ ఊగి నా పెడల్‌ని తంతుంది. అది జరగడానికి వేల కిలోమీటర్లు పడుతుంది. దసరాకి హత్య చేస్తే హోలీకి శవం తేలుతుంది. అప్పటికి నీ పేరు ఎవరికి గుర్తుంటుంది? డిస్కుని పట్టుకుని బెండ్ బెండ్ అంటారు, పాతరేసేది దాన్ని, కొత్తదాన్ని బిగించడానికి మళ్లీ నిన్నే పిలుస్తారు! దొంగ చేతికే తాళాలు. ఎన్ని డిస్కులు తిన్నావురా నువ్వు? "వానల్లో నీళ్లలో నడిపారా సార్" అని నన్నే ముద్దాయిని చేశారే, హైదరాబాద్‌లో జూలైలో నీళ్లలో నడపక ఇంకెందులో నడుపుతారు?

నిన్న రాత్రి ఇంటికొచ్చి, రాణీగంజ్‌లో కొన్న టార్క్ రెంచ్ తీసి, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఫోన్ లైటు పెట్టుకుని కూర్చున్నాను. పొడుగు రాడ్డుతో ఒక్కో నట్టూ వదులు చేయడం, 110కి మళ్లీ బిగించడం. కొన్ని వేలితో తిప్పినట్టు వచ్చేశాయి. ఎడమ ముందు చక్రానికి మూడోది మాత్రం రాలేదు. నేను రాడ్డు మీద నిలబడ్డాను, వాచ్‌మెన్ నిలబడ్డాడు, ఇద్దరం వంతులేసుకుని గెంతాం. పై నుంచి మా ఆవిడ వీడియో తీసింది.

ఇవాళ పొద్దున గల్లీ చివర పంక్చర్ షాపుకి బండి తీసుకెళ్తున్నాను. అక్కడ మీ తమ్ముడొకడు ఉన్నాడు. వాడు అర సెకనులో విప్పేస్తాడని నాకు తెలుసు, ఒప్పుకుంటాను. విప్పడం వరకే అని వాడికి ముందే చెప్పి ఉంచండి.

ఇట్లు,
మీ అద్దం అవతలి కస్టమర్