బాధితులకు కొన్ని సవినయ సూచనలు

ప్రపంచంలో యుద్ధాలకు కొదవ లేదు. కరువులకూ వలసలకూ అంతకన్నా లేదు. ఇక కెమెరాలంటారా, చెప్పనే అక్కర్లేదు. అయినా మంచి ఫొటో దొరకడం గగనమైపోతోంది. నెపమంతా ఫొటోగ్రాఫర్ల మీదికి నెట్టేస్తున్నారు గానీ, అసలు లోపం ఎక్కడుందో ఎవరూ నోరు విప్పి చెప్పరు. బాధితులకు శిక్షణ లేదు.

నవ్వు సంగతే చూడండి. శరణార్థి శిబిరంలో కెమెరా బయటికి తీస్తే చాలు, పిల్లలంతా మూగి, రెండు వేళ్ళు పైకెత్తి ఇకిలిస్తారు. పాపం ఫొటోగ్రాఫరు ఉత్తుత్తి క్లిక్కులు కొడుతూ వాళ్ళకు విసుగు పుట్టేదాకా కాచుకోవాలి. విసుగెత్తిన పిల్లాడి మొహమూ దిక్కులేని పిల్లాడి మొహమూ అచ్చులో ఒకేలా పడతాయి గనక ఏదో నడిచిపోతోంది. తమరు కాస్త ముందుగానే విసుక్కుని ఉంటే ఈ కాలయాపన తప్పుతుంది.

చేతిలో స్మార్ట్‌ఫోను కనబడనివ్వకండి. దారి చూపే మ్యాపూ, విడిపోయిన వాళ్ళ కబుర్లూ అందులోనే ఉంటాయని మాకూ తెలుసు. కానీ ఫోను కంటపడగానే పాఠకుడి జాలి ఇంకిపోతుంది.

నీలం టార్పాలిన్ కింద కూర్చోవడం మానుకోండి. దానిలోంచి దిగే వెలుగు మొహానికి నీలం పులుముతుంది. కెమెరాలో రంగులు సరిదిద్దే వైట్ బ్యాలెన్సును మొహానికి సరిచేస్తే, గుడారం గుమ్మంలోంచి కనిపించే ఎండంతా నారింజ రంగుకు తిరుగుతుంది. ఎండకు సరిచేస్తే మీరు శవాల్లా కనిపిస్తారు, అది మరీ తొందరపాటు. రెండూ కుదరక ఆ బొమ్మను నలుపు తెలుపులోకి మార్చేస్తారు. ప్రదర్శనలో దాన్ని చూసి పెద్దలు అందులో కాలానికి అతీతమైన వేదన ఉందని తలలూపుతారు. టార్పాలిన్ మహిమ అని ఎవరికీ తోచదు.

దూరం విషయంలో కూడా మీ సహకారం కావాలి. 28 మిల్లీమీటర్ల లెన్సుతో జానెడు దూరంలోంచి తీస్తే ముక్కే మొహమంతా ఆక్రమిస్తుంది. ఒకటిన్నర మీటర్లు వెనక్కి జరిగితే ముందు మీరూ, వెనక కూలిన ఇల్లూ రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. కాబట్టి ఇల్లు కూలినప్పుడు మరీ దూరం పరుగెత్తకండి. అది మిట్టమధ్యాహ్నం కూలితే సూర్యుడు నడినెత్తిన ఉండి కళ్ళ గుంతల్లో నీడ తప్ప మరేమీ మిగలనివ్వడు. ఏడుపును సాయంత్రం దాకా ఆపుకోగలిగితే వెలుగు పక్కనుంచి పడి చెంప మీద చుక్క మెరుస్తుంది.

పూర్వం బాధితులు ఇలా ఉండేవారు కాదు. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలో, గెటీస్‌బర్గ్ యుద్ధభూమిలో ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందానికి ఒక సైనికుడు దొరికాడు. పడిన చోట ఫొటో తీశాక, రాళ్ళగోడ ఉంటే ఇంకా బాగుంటుందని అక్కడికి మోసుకెళ్ళారు. తల కెమెరా వైపు తిప్పి, ఒక తుపాకీ ఆనించి, తిరుగుబాటు గురికాడి నివాసం అని క్యాప్షను రాశారు. ఆయన కిమ్మనలేదు. చనిపోయి ఉండటం కొంత కలిసొచ్చింది.

1876-78 నాటి మద్రాసు కరువులో డబ్ల్యు.డబ్ల్యు. హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్ళలాంటి మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తీసుకున్నాక పిడికెడు తిండైనా పెట్టకుండా పంపేశాడన్న నింద ఉంది. తిండి పెడితే రెండో ఫొటో ప్లేటుకు డొక్కలు కనిపించవని గిట్టనివాళ్ళకు ఎలా తెలుస్తుంది! ఆ హూపరే 1886లో బర్మాలోని మాండలేలో మరణశిక్ష పడ్డవాళ్ళకు తూటా తగిలే క్షణాన్నే పట్టాలని చూసి విచారణ పాలయ్యాడు. షట్టరుకూ తుపాకీకీ తాళం కుదర్చడం ఎంత కష్టమో విచారించినవాళ్ళు కెమెరా పట్టి ఉంటే తెలిసేది.

మీ బొటనవేలు కూడా జాగ్రత్త. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కూలీల శిబిరంలో డొరోథియా లాంగ్ తీసిన తల్లి ఫొటోలో, ముందుభాగాన గుడారపు గుంజను పట్టుకున్న బొటనవేలొకటి అడ్డొచ్చింది. కూర్పు చెడిందని తర్వాత నెగటివ్ మీద దాన్ని మాయం చేయించారు. ఇప్పటికీ పరీక్షగా చూస్తే కింద కుడి మూల ఆ వేలు మసకగా కనిపిస్తుంది. వేలి మీద పెట్టిన శ్రద్ధ పేరు మీద పెట్టలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. వచ్చీ రావడంతోనే ఆవిడ, ఆ బొమ్మ వల్ల తనకు చిల్లిగవ్వ దక్కలేదని ఎదురు మాట్లాడింది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారన్న లాంగ్ కథనం కూడా నిజం కాదని ఆ కుటుంబం తేల్చేసింది. క్యాప్షనుతో వాదించే బాధితులతో వేగేదెలా?

అఫ్గాన్ శరణార్థి బాలిక షర్బత్ గులా ఆ విషయంలో నయం. 1984లో పెషావర్ దగ్గరి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆమె ఫొటో, మరుసటి ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ఆ కళ్ళు తెలియని ఇల్లు లేదు, ఆ పేరు తెలిసిన సంపాదకుడు లేడు. 2002లో వెతికి పట్టుకున్నాక, ఆ కళ్ళు ఆవిడవేనని కనుపాప పరీక్షతో రుజువు చేయించారు. 2016లో దొంగ గుర్తింపు కార్డు ఉందని పాకిస్తాన్ అధికారులు అరెస్టు చేశారు. భూమ్మీద అందరూ గుర్తుపట్టే మనిషికి గుర్తింపు కార్డు దేనికో!

మా ఇబ్బందులూ కాస్త అర్థం చేసుకోండి. సిరియాలో నార్సిసో కాంట్రేరాస్ తీసిన ఒక ఫొటోలో తోటి పాత్రికేయుడి వీడియో కెమెరా మూలన పడింది. ఆయన దాన్ని చెరిపేశాడు. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ఆయనతో తెగతెంపులు చేసుకుని, దాదాపు 500 ఫొటోలను తన భాండాగారం నుంచి తీసేసింది. అదే, కెమెరాలు పడకుండా ముందే అరడుగు పక్కకు జరిగి నొక్కి ఉంటే అది కూర్పు, నైపుణ్యం. 2010లో హైతీ భూకంపం తర్వాత తూటాకు బలైన ఒక బాలిక మీద వరసగా వంగి ఫొటోలు తీస్తున్నవాళ్ళను, ఇంకొకాయన వెనక్కి జరిగి మొత్తంగా ఫొటో తీసి పెట్టాడు. ఇలాంటి వాళ్ళ వల్లే వృత్తి పరువు పోతోంది.

ఇప్పుడు కొత్త గొడవ. 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ వారి ఏటి మేటి చిత్రంగా, గాజాలో రెండు చేతులూ పోగొట్టుకున్న తొమ్మిదేళ్ళ బాలుడి ఫొటో ఎంపికైంది. తీసిన సమర్ అబూ ఎలూఫ్ కూడా గాజా మనిషే. యుద్ధంలో అక్కడినుంచి బయటపడి దోహాలో ఆ పిల్లాడు ఉండే అపార్ట్‌మెంట్ల సముదాయంలోనే ఉండేది. క్యాప్షనులో పిల్లాడి పేరు, వయసు, ఏం జరిగిందో అన్నీ ఉన్నాయి. దారి చూపి మాట కలిపే స్థానిక ఫిక్సరు లేడు, విమానం లేదు, హోటలు లేదు. ఇరుగూ పొరుగూ ఇలా ఒకరినొకరు ఫొటోలు తీసుకుంటూ పోతే, రేపు సంపాదకుడి ముందు మేం ప్రయాణ ఖర్చుల బిల్లు ఏ మొహం పెట్టుకుని పెట్టాలి?