ఆవిడ ఆయా కాదండీ

నిన్న అట్లాంటాలో ఒక సీమంతంలో, చేతినిండా గాజులు వేయించుకుని మురిసిపోతున్న ఒక నల్లజాతి మహిళను చూసి, మనవాళ్లలో ఒక పెద్దమనిషి, ఆవిడకు తెలుగు రాదన్న ధీమాతో, "ఈవిడ ఆయానా?" అని అడిగారు. కాన్పులో తోడుండటానికి కాబోయే తల్లి కుదుర్చుకున్న డౌలా అని చెబితే, "ఇంత పెద్ద ఆసుపత్రి ఉండగా దండగ ఖర్చు" అని తీర్పు కూడా ఇచ్చేశారు. శుభకార్యం కనుక అక్కడ ఊరుకున్నాను, ఇక్కడ ఊరుకోను.

డౌలా పురుడు పోయదు, మందులివ్వదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ రెండు అరచేతులతో తుంటి ఎముకలను గట్టిగా అదిమిపట్టి, గంటల తరబడి పక్కనే ఉంటుంది. తల్లి చెప్పిన బాధ డాక్టరు చెవికెక్కేదాకా వదిలిపెట్టదు.

నల్లజాతి తల్లులకు ఆ చివరి పని ప్రాణావసరం. 2023లో అమెరికాలో లక్ష సజీవ జననాలకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. చదువూ డబ్బూ లేకపోవడమే కారణమని తేల్చేసే మేధావులు షాలన్ ఇర్వింగ్ సంగతి తెలుసుకోవాలి. ఆమె ఇదే అట్లాంటాలో, అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీలో పనిచేసిన నల్లజాతి శాస్త్రవేత్త, డాక్టరేటు ఉన్న మనిషి. 2017 జనవరిలో, బాలింతగా ఒంట్లో బాగాలేదని పదే పదే వైద్యుల దగ్గరకు వెళ్లింది; చివరిసారి బీపీకి మందు రాసి ఇంటికి పంపిన రోజు రాత్రే కుప్పకూలింది, కొద్ది రోజులకే చనిపోయింది.

మనమైతే ఆడపిల్లకు నెలలు నిండకముందే గుంటూరు నుంచి అమ్మను, కాయం డబ్బాతో సహా, విజిటర్ వీసా మీద రప్పిస్తాం. ఆ విమానం టిక్కెట్టును దండగ అన్న మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఈ జార్జియాలోనే, ఆల్బనీలో, మేరీ కోలీ అనే నల్లజాతి మంత్రసాని 3,000కు పైగా పురుళ్లు పోసింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ ఆమెనే చూపించి 1950ల మొదట్లో మంత్రసానులకు శిక్షణ చిత్రం తీయించుకుంది. అవసరం ఉన్నంతకాలం వాడుకుని, ఆ తర్వాత లైసెన్సుల పేరు చెప్పి దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటివాళ్లను ఇళ్లకు పంపేశారు. ఆసుపత్రి గదిలో నల్లజాతి తల్లికి తనవాళ్లంటూ లేకుండా చేసింది ఎవరో ఇప్పుడు చెప్పండి.

న్యూజెర్సీ 2021 నుంచి, కాలిఫోర్నియా 2023 నుంచి పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద డౌలాలకు డబ్బు చెల్లిస్తున్నాయి. ఈ మాట చదవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో "మా ట్యాక్సు డబ్బు" అని ఏడుపు మొదలవుతుందని తెలుసు. ఈ దేశంలో పదింట నాలుగు కాన్పుల ఖర్చు మెడికెయిడే భరిస్తోంది. అందులో తల్లి పక్కన నిలబడే మనిషికి దక్కేది ఏపాటిదని ఇంత ఏడుపు?