ట్యాంక్‌బండ్ పక్కన ఫిక్స్‌డ్ డిపాజిట్

హుస్సేన్‌సాగర్‌లో పూడిక తీయాలనే వాళ్ళను చూస్తే జాలేస్తుంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు రాత్రనక పగలనక మోసుకొచ్చి కట్టిన డిపాజిట్ అది. 1562 నాటి చెరువు, కుతుబ్‌షాహీల హయాంలో ఎరగని జమ!

ఎవరి జమ ఎంతో చెప్పే పాస్‌బుక్ కూడా ఆ బురదే, చదవడం తెలియాలంతే. గొట్టం దించి బురద తీయండి. పైకొచ్చేటప్పుడు నల్లగా నిగనిగలాడుతుంది. గాలి సోకాక అందులోని ఐరన్ సల్ఫైడ్ మారి, పైపొర మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. వెంటనే ఐస్ పెట్టెలో పెట్టాలి. కారు డిక్కీలో మరిచిపోయారా, సూక్ష్మజీవులు ఖాతాలో చెయ్యి పెడతాయి. ల్యాబ్‌లో 60 డిగ్రీల్లో ఆరబెట్టాలి. తొందరపడి మంట పెంచితే నత్రజని కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది. పొడి కొట్టి రెండు వంతులు చెయ్యండి. కర్బనం చూసే వంతులో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బుడగలు ఆగేదాకా. లేదంటే నత్తగుల్లల సున్నం కూడా సేంద్రియ కర్బనం లెక్కలో చేరి కూర్చుంటుంది. నత్రజని వంతును మాత్రం ఆమ్లానికి దూరంగా ఉంచాలి, ఎందుకంటే కడుగుడులో అదీ కొంత పోతుంది.

బరువుల్లో వచ్చిన కర్బన-నత్రజని నిష్పత్తిని 1.17తో హెచ్చవేస్తే పరమాణు నిష్పత్తి. (ఈ హెచ్చవేత మరిచి ఇతరుల లెక్కలతో పోల్చేవాళ్ళకు కొదవ లేదు.) అది 4 నుంచి 10 లోపైతే జమ చేసింది నాచు, 20 దాటితే గట్టు మీది ఆకులూ కొమ్మలూ. చిక్కేమిటంటే మన మరుగుదొడ్ల సొమ్మూ తక్కువ నిష్పత్తే చూపిస్తుంది. బురద మర్యాదస్తురాలు, పేర్లు చెప్పదు. చెప్పించాలంటే నత్రజని-15 (నత్రజనిలోనే కాస్త బరువైన రకం) కొలవాలి: మురుగులో తేలిక నత్రజని అమ్మోనియాగా ముందు లేచిపోతుంది, బరువైనది మిగిలి సాక్ష్యం చెబుతుంది.

ఇక వడ్డీ సంగతి. అడుగున ఆక్సిజన్ ఉండదు కాబట్టి, కుళ్ళిన సరుకులోని నత్రజని అమ్మోనియంగా మారి పైనీటికి ఎక్కుతుంది. దాన్ని తిని నాచు బలుస్తుంది, చచ్చి మళ్ళీ అడుక్కే చేరుతుంది. చక్రవడ్డీ! రేపు నాలాలన్నీ మళ్ళించినా ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. పైన ఫౌంటెన్లు, రంగు దీపాలు పెట్టినంతమాత్రాన అసలులో పైసా తగ్గదు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను.

ఇంత చెప్పినా తవ్వుతామంటే తవ్వండి. కదిలిన బురద నీటిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేసుకుని, అమ్మోనియా వదిలి, చేపలను తేలుస్తుంది. ఆ తర్వాత లారీలకెత్తి ఎక్కడ పోస్తారు? ఊరవతల ఏదో చెరువు శిఖంలో. ఆ శిఖం ఎత్తు పెరుగుతుంది, ప్లాట్లు పడతాయి, కొత్త మురుగు కాలువొకటి పుడుతుంది. బ్రాంచి తెరిచినట్టే.