సవరణ: ప్రీసీజన్ మ్యాచ్‌ల గురించి నేను రాసింది

మొన్నటి పోస్టులో ఒక తప్పు దొర్లింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో, ప్రీసీజన్ మ్యాచ్‌లు (సీజన్‌కు ముందు ఆడే, లెక్కలోకి రాని సన్నాహక ఆటలు) నాలుగూ గెలిచి అసలు సీజన్‌లో 16కి 16 ఓడిన జట్టు 2008 నాటి డెట్రాయిట్ లయన్స్ ఒక్కటేనని రాశాను. కాదు. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా అచ్చంగా అదే పని చేసింది. పాపం, బ్రౌన్స్ అభిమానులకు ఆ లెక్క గుర్తు చేయక్కర్లేదు.

ఇంకోటి. ఈ మ్యాచ్‌లు చూడటం శుద్ధ టైమ్ వేస్ట్ అని తేల్చిపారేశాను. అది తొందరపాటు మాట. గెలుపోటముల వరకైతే నా అభిప్రాయం మారలేదు. 2005లో పేటన్ మానింగ్ లాంటి పేరున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) ఉన్న కోల్ట్స్ జట్టు ప్రీసీజన్‌లో ఐదుకి ఐదూ ఓడి, సీజన్ మొదలయ్యాక వరసగా 13 గెలిచింది. పెద్ద ఆటగాళ్లు కాసేపు ఆడి బెంచీ ఎక్కేస్తారు, కోచ్‌లు అసలు ఎత్తులు బయటపెట్టరు. ఇక స్కోరు ఏం చెబుతుంది?

కానీ శిబిరానికి వచ్చిన 90 మందిలో చివరికి 53 మందే జట్టులో మిగిలే చోట, అంచున ఉన్నవాడికి అదే పరీక్ష. 2010 ఆగస్టు ప్రీసీజన్‌లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున విక్టర్ క్రూజ్ ఆడిన ఆట చూడండి. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోని కుర్రాడు. జెట్స్ జట్టు మీద గాల్లోకి లేచి ఒంటిచేత్తో బంతి అందుకుని అలాగే పరుగెత్తాడు. ఆ రాత్రి మూడు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు). జట్టులో చోటు దొరికింది. 2011 సీజన్‌లో బంతి అందుకుని సాధించినవి 1,536 గజాలు, ఆపైన లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో గెలుపు.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ సరిచేశాను.